పాత విమానం రేకుతో బిళ్లలు: ప్యానెల్ కొనడం నుంచి పెట్టెలో పెట్టడం దాకా

సర్వీసు అయిపోయిన ప్రయాణికుల విమానం రేకుకి తుక్కు కొట్టులో పలికేది కిలో ధర. అదే రేకుని మీది రంగు చెదరకుండా తాళంచెవికి తగిలించే బిళ్లగా కోసి, ఇది ఫలానా విమానానిదే అన్న కాగితం పక్కన పెడితే ముక్క ధర పలుకుతుంది. తేడా అంతా రంగులోనూ కాగితంలోనూ ఉంది. రేకుని బిళ్లలుగా కొట్టే ప్రెస్ నడిపేవాళ్లు బొబ్బిలి గ్రోత్ సెంటర్లోనో విశాఖ ఆటోనగర్లోనో వాకబు చేస్తే దొరుకుతారు. కానీ రంగు గీరుకుపోయినా, ఏ ప్యానెల్ ఏ విమానానిదో కలగాపులగమైపోయినా ఆ సరుకు మళ్లీ తుక్కే. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు ఈ రెంటిని కాపాడుకోవడానికే.

ఇక్కడి లెక్కలన్నీ 80 × 35 మి.మీ. బిళ్లకి వేసినవి. మూలలు 4 మి.మీ. గుండ్రన, ఒక చివర 5 మి.మీ. బెజ్జం. రేకు 1.2 మి.మీ. మందం ఉంటే బిళ్ల సుమారు 9 గ్రాములు తూగుతుంది. జేబులో బరువనిపించదు, చేతిలో డొల్లగానూ ఉండదు.

ఏ రేకు కొనాలి

బోయింగ్ 737, 747, ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానాల ఒంటి రేకు ఎక్కువగా 2024-టీ3 రకం అల్యూమినియం. ఇందులో రాగి 4 శాతం పైచిలుకు ఉంటుంది. బలం దానివల్లే, ఉప్పుగాలికి పుచ్చిపోయే గుణమూ దానివల్లే. అందుకే రేకు రెండు వైపులా పల్చగా స్వచ్ఛమైన అల్యూమినియం పొర అతికిస్తారు. మీరు కోసిన అంచుకి మాత్రం ఆ పొర ఉండదన్నది గుర్తుంచుకోండి, పూత దగ్గర మళ్లీ పనికొస్తుంది.

బోయింగ్ 787, ఏ350ల ఒళ్లు కార్బన్ ఫైబర్. ప్రెస్ కింద పెడితే పీచులు లేస్తాయి. ఏ380 పైభాగంలో కొన్ని ప్యానెళ్లు అల్యూమినియం, గాజుపీచు పొరలు పొరలుగా అతికించిన గ్లేర్. కోతకి పొరలు విడిపోతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ మూడింటి జోలికి పోవద్దు. ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు: తోక మీద కంపెనీ బొమ్మ అందంగా ఉంటుంది కదా అని ఏ320 నిలువు తోక ప్యానెల్ అడుగుతారు. అది కూడా కార్బన్ ఫైబరే. అల్యూమినియం తోక కావాలంటే 737, 747 వైపు చూడండి.

ఒకే ప్యానెల్లో మందం మారుతూ ఉంటుంది. బరువు తగ్గించడానికి, రేకు వెనక బిగించే పట్టీల (ఎముకల) మధ్య భాగాన్ని తయారీలోనే రసాయనంతో తొలిచేస్తారు. మధ్యలో 1 మి.మీ. ఉన్న రేకు పక్కన ఎముక కింద 1.8 ఉండొచ్చు, తలుపులూ కిటికీల చుట్టూ ఇంకా దళసరి. ఒక చోట కొలిచి ఊరుకోకుండా బిళ్లలు తీయబోయే ప్రతి గడిలోనూ మైక్రోమీటర్ పెట్టి చూడండి.

భోగాపురంలో విమానాశ్రయం ఉంది కదా, పాత విమానాలు అక్కడే దొరుకుతాయనుకోవద్దు. విమానాలు విప్పే ఊళ్లు వేరే ఉన్నాయి: స్పెయిన్‌లో తెరువెల్, ఫ్రాన్స్‌లో తార్బ్, అమెరికాలో విక్టర్‌విల్, మొహావీ. అక్కడినుంచి కోసిన ప్యానెళ్లు చెక్కపెట్టెలో ఓడ మీద విశాఖ రేవుకి తెప్పించుకోవచ్చు. చెక్కపెట్టెకి వేడిచేసిన కలప ముద్ర లేకపోతే రేవులోనే ఆగిపోతుంది. మన దేశంలోనైతే ప్రభుత్వ సంస్థల పాత విమానాలు, విమానాశ్రయాల్లో వదిలేసిన విమానాలు ప్రభుత్వ రంగ సంస్థ ఎంఎస్‌టీసీ ఈ-వేలంలో అప్పుడప్పుడు వస్తాయి. అందులో మొత్తం విమానం కొనాలి, విప్పించుకోవాలి, గడువులోగా తీసుకుపోవాలి. మొదటి దఫాకి అది తలకు మించిన భారం. నాలుగైదు చదరపు మీటర్ల ప్యానెళ్లు కొనడం మేలు.

ప్యానెల్ ఫొటోలు అడిగేటప్పుడు రివెట్ల చుట్టూ దగ్గరగా తీసి పంపమనండి. రంగు కింద వానపాము పాకినట్టు సన్నటి ఉబ్బు గీతలు కనిపిస్తే అది రేకుకి పట్టిన తెగులు. ఆ రంగు ఇవాళ అంటుకునే ఉంటుంది, కళింగపట్నం గాలి తగిలిన రెండో వానాకాలానికి పొక్కు లేస్తుంది.

కాగితాలు ముందు, కత్తెర తర్వాత

విమానానికి వీటీ- అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ మన దేశానిది. విమానం వేరే దేశం చేతికి పోతే అది మారిపోతుంది, కొన్ని దేశాల్లో అదే గుర్తు తర్వాత ఇంకో విమానానికి ఇస్తారు. ఎప్పటికీ మారనిది తయారీదారు వేసిన వరుస సంఖ్య. మీ ఖాతా పుస్తకంలో ప్రతి ప్యానెల్‌కీ మొదటి గడి ఆ సంఖ్యే కావాలి.

అమ్మేవాళ్ల దగ్గర తీసుకోవాల్సినవి: వరుస సంఖ్య రాసిన అమ్మకం పత్రం, రిజిస్ట్రేషన్ రద్దయిన పత్రం నకలు, విమానం ఒంటి మీద ఉండగా ఆ ప్యానెల్ కోస్తున్న ఫొటో, ప్యానెల్ ఏ చోటుదో చెప్పే ఫ్రేమ్ నంబర్లు. ఫొటోలో రిజిస్ట్రేషన్ అక్షరాలు కూడా కనిపిస్తే దానికి మించిన సాక్ష్యం లేదు. ప్రమాదానికి గురైన విమానం రేకు ఎంత చవగ్గా వచ్చినా తీసుకోవద్దు. ఇంకొకరి చావుని తాళంచెవికి తగిలించడమవుతుంది అది.

కంపెనీ పేరు, బొమ్మ ట్రేడ్‌మార్కులు. రేకు మీద సహజంగా ఉన్న రంగు సరే, మీరు కొత్తగా ఆ బొమ్మ చెక్కాలంటే అనుమతి కావాలి. విమానం రకం, రిజిస్ట్రేషన్, వరుస సంఖ్య, తిరిగిన సంవత్సరాలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోవచ్చు.

కార్డు మీద వేయడానికి విషయం వెతికేటప్పుడు "ఆకాశంలో ఎగిరిన అద్భుతం" లాంటి మాటలకన్నా ఒక్క నిజం ఎక్కువ పట్టుకుంటుంది. ఒకప్పటి ఇండియన్ ఎయిర్‌లైన్స్ తొలి ఏ320లకి రెక్కల కింద కాళ్లకి రెండేసి కాకుండా నాలుగేసి చక్రాలుండేవి. మిగతా లోకంలో ఏ320కి రెండే. సేకరించేవాళ్లు ఆ ముక్క చదివి ఇంకో బిళ్ల కొంటారు.

పచ్చ పూత సంగతి

రేకు లోపలివైపు పసుపుపచ్చ ప్రైమర్ కనిపిస్తుంది. అందంగానే ఉంటుంది, కానీ పాత విమానాల్లో అది క్రోమేట్ ప్రైమర్. దాని ధూళి ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చే రకం. పై రంగు కిందా ఇదే ఉంటుంది. కాబట్టి షెడ్డులో ఒకటే సూత్రం: ఎండు రాపిడి లేదు. గ్రైండర్ డిస్క్ వద్దు, ఎండు ఎమెరీ వద్దు, వైర్ బ్రష్ అసలే వద్దు. వైర్ బ్రష్ ఇనుప రవ్వలు అల్యూమినియంలో నాటుకుని తర్వాత తుప్పు చుక్కలుగా తేలతాయి కూడా. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే చాలదు, పీ100 ఫిల్టర్లున్న సగం ముఖం మాస్కు కావాలి. తడిపని చేసినా చేతులు కడుక్కోకుండా టీ గ్లాసు ముట్టుకోవద్దు, షెడ్డు బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకొద్దు.

గీకిన బురద, తడి గుడ్డలు, ఫిల్టర్లు 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి. మూతున్న డ్రమ్ములో పోగేసి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో పరవాడ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. చంపావతి గట్టున పారబోసే సరుకు కాదు.

కడగడం, ఎముకలు విప్పడం

గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే తేలికపాటి లిక్విడ్, మెత్తటి స్పాంజి. అంతే. బుడితి ఇత్తడికి పనికొచ్చిందని ఇక్కడా చింతపండు పట్టించొద్దు, ఆ పులుపు అల్యూమినియానికి పడదు. కాస్టిక్ సోడా రేకునే తినేస్తుంది, పైగా హైడ్రోజన్ పుడుతుంది. మిగిలిన జిడ్డుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడవండి.

ప్యానెల్ వెనక అడ్డంగా ఫ్రేములు, పొడుగునా స్ట్రింగర్లు రివెట్లతో బిగించి ఉంటాయి. రివెట్‌కి బయటివైపు తల రంగు కింద రేకుతో సమంగా ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. లోపలివైపు నొక్కిన తోకని మాత్రం రివెట్ సైజుకన్నా కొంచెం చిన్న డ్రిల్లుతో తొలిచి, ఉలి అంచుతో తీసేయండి. మధ్యలో బ్రౌను రంగు సీలెంటు రబ్బరులా అంటుకుని ఉంటుంది. ప్లాస్టిక్ గీకుడుపుల్లతో నిదానంగా లేపితే వస్తుంది. స్క్రూడ్రైవర్ పెట్టి పీకితే రేకు వంగి ఎదురువైపు రంగు నెర్రె కొడుతుంది, ఆ సంగతి ప్యానెల్ తిప్పి చూసేదాకా తెలియదు.

రివెట్ల వరుస ఉన్న బిళ్లలకి గిరాకీ ఎక్కువ. తోక తీసేశాక తల ఊడిపోకుండా లోపలినుంచి పల్చటి ఎపాక్సీ ఒక చుక్క వేసి 24 గంటలు వదిలేయండి. వీటిని ప్రెస్ కింద పెట్టొద్దు, వాటర్‌జెట్‌తోనే (ఒత్తిడి నీళ్లతో కోసే యంత్రం) కోయాలి.

20 రావాలా, 24 రావాలా

737లో ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 20 అంగుళాలు, అంటే 508 మి.మీ. స్ట్రింగర్ల మధ్య దూరం చోటునిబట్టి మారుతుంది, 230 మి.మీ. అనుకుందాం. రివెట్ బెజ్జాలు వదిలేస్తే ఒక గడిలో శుభ్రమైన రేకు దాదాపు 480 × 180 మి.మీ. బిళ్లకీ బిళ్లకీ మధ్య 3 మి.మీ. వదలండి.

బిళ్ల పొడుగు విమానం పొడుగు వెంట పెడితే వరుసకి 5, వరుసలు 4, మొత్తం 20. బిళ్లని అడ్డం తిప్పితే వరుసకి 12, వరుసలు 2, మొత్తం 24. నాలుగు ఎక్కువొస్తాయి, కానీ ఇప్పుడు బిళ్ల పొడుగు విమానం గుండ్రం వెంట పడింది. 737 ఒళ్లు 3.76 మీటర్ల వెడల్పు, వ్యాసార్ధం 1.88. ఆ గుండ్రంలో 80 మి.మీ. ముక్క తీస్తే మధ్యలో 0.43 మి.మీ. ఉబ్బు ఉంటుంది. బల్ల మీద బోర్లా పెట్టి గోరుతో నొక్కితే కొంచెం ఊగుతుంది. మొదటి పద్ధతిలో ఉబ్బు 0.08 మి.మీ., కంటికి ఆనదు.

మా ఓటు 24కే. ఆ వంపు విమానం వంపే, కొన్నవాళ్లకి చూపించి చెప్పదగ్గది. లేజర్ చెక్కుడుకి 0.43 అడ్డం కాదు. ఒక్కటే హెచ్చరిక: కొనేవాళ్లు ఏమంటారోనని సుత్తితోనో రోలర్లతోనో చదును చేయించొద్దు. 2024-టీ3 గట్టి రేకు, చదునవ్వదు సరికదా, రంగు మీద సాలెగూడులా బీటలు పడతాయి.

గీతలు పెన్సిల్‌తో కాదు, మాస్కింగ్ టేపు మీద. ప్రతి గడి వెనక ప్యానెల్ గుర్తు, గడి నంబరు చెరగని మార్కర్‌తో రాసి ఫొటో తీసిపెట్టండి.

కోత

మూడు దారులున్నాయి. ఫైబర్ లేజర్‌తో కోయించొద్దు: అంచు పొడుగునా రంగు మాడి నల్లగీత పడుతుంది, ప్రైమర్ పొగ షెడ్డు నిండుతుంది.

వాటర్‌జెట్ చల్లగా కోస్తుంది, రంగు అంచు గాజు కోసినట్టు వస్తుంది. బెజ్జం పెట్టి మొదలయ్యే చోట ఒత్తిడి తగ్గించమని ఆపరేటర్‌కి ముందే చెప్పాలి, లేకపోతే నీళ్లు రంగు కిందికి దూరి రూపాయి కాసంత పొక్కు లేస్తుంది. మొదలయ్యే చుక్క బిళ్ల గీత మీద కాకుండా 3 మి.మీ. బయట, వదిలేసే రేకులో ఉండాలి. ఈ యంత్రంలో నీళ్లతో కలిసి రేకుని కోసేది 80 మెష్ గార్నెట్ ఇసుక. గార్నెట్ శ్రీకాకుళం తీరపు ఇసుకలోనే ఉంది, గార వైపు ఇసుకలో ఎర్రగా మెరిసేది అదే. అలాగని బస్తా పట్టుకుని బీచికి వెళ్లొద్దు. అనుమతి లేకుండా తవ్వడం నేరం, పైగా అందులో ఇల్మనైట్, సిల్లిమనైట్, ఉప్పు కలిసి ఉంటాయి. గింజ సైజు ఒకేలా లేక నాజిల్ పూడుకుపోతుంది. జల్లించి గ్రేడు చేసిన బస్తాయే కొనండి.

వెయ్యి బిళ్లలు దాటితే డై (బిళ్ల ఆకారపు అచ్చు) చేయించి ప్రెస్ మీద కొట్టించడం చవక. ఎన్ని టన్నుల ప్రెస్ కావాలంటే: బిళ్ల చుట్టుకొలత 223 మి.మీ., మందం 1.2, ఈ రేకు కోతకి నిలిచే బలం చదరపు మి.మీ.కి సుమారు 283 న్యూటన్లు. మూడూ గుణిస్తే 7.7 టన్నులు. దళసరి రేకు 1.6 వస్తే 10 టన్నులు దాటుతుంది. 10 టన్నుల ప్రెస్ చాలంటారు, ఒప్పుకోవద్దు. 20 టన్నులది చూసుకోండి. పైనుంచి దిగే పంచ్‌కీ కింది డైకీ మధ్య ఒక్కో వైపు 0.08 మి.మీ. సందు ఉండాలి. సందు ఎక్కువైతే అంచు చిరుగుతుంది, దాంతో రంగు రేకులు రేకులుగా లేస్తుంది.

ఇక్కడ అందరూ తడబడేది ఒకటుంది. రంగు ఉన్న వైపు పైకి పెట్టాలనిపిస్తుంది, కళ్లెదుట ఉంటుంది కదా అని. కిందికి పెట్టాలి. కొట్టిన బిళ్లకి డై వైపు అంచు మెత్తగా గుండ్రబడుతుంది, పంచ్ వైపు బర్రు (గరుకు అంచు) లేస్తుంది. రంగు వైపు పైనుంటే ఆ బర్రు రంగుని చీల్చుకుంటూ లేస్తుంది. కిందికి పెట్టినప్పుడు డై మీద గీరుకోకుండా ప్లాస్టిక్ రక్షణ ఫిల్మ్ అంటించండి, జిగురు తక్కువున్న రకం. జిగురు గట్టిదైతే పీకేటప్పుడు ముసలి రంగు దాంతోనే వస్తుంది. చలికాలం పొద్దున్నే కొట్టొద్దు. రేకుని అరగంట ఎండలో పెట్టి గోరువెచ్చగా ఉండగా కొడితే రంగు పగుళ్లు తగ్గుతాయి.

అంచు, బెజ్జం

తడిపిన సన్న ఆకురాయితో అంచు చుట్టూ ఒకే దిక్కున, రంగు వైపునుంచి లోపలి వైపుకి లాగండి. ఎదురు లాగితే రంగు లేస్తుంది. తర్వాత 400 నంబరు వాటర్ పేపరు, నీళ్లలో ముంచి. వేలు తెగకుండా ఉంటే చాలు, 0.2 మి.మీ. కన్నా ఎక్కువ తీయొద్దు. గిన్నెల్లో రాళ్లు వేసి తిప్పే పాలిష్ యంత్రంలో పడేస్తే అంచులతోపాటు రంగూ పోతుంది.

బెజ్జం కేంద్రం చివరినుంచి 6 మి.మీ. లోపలికి. కింద ప్లైవుడ్ ముక్క, పైన టేపు, రంగు వైపునుంచి ముందు 3 మి.మీ., ఆపైన 5 మి.మీ. కింద చెక్క లేకపోతే డ్రిల్లు బయటపడే క్షణంలో ప్రైమర్ పెచ్చు ఊడుతుంది.

అక్షరాలు

20 వాట్ల ఫైబర్ లేజర్ చాలు. రంగుని కాల్చి కింది లోహం మెరిసేలా చేస్తుంది. 60 శాతం పవర్, సెకనుకి 800 మి.మీ. వేగం, 30 కిలోహెర్ట్జ్, గీతల మధ్య 0.04 మి.మీ., రెండు సార్లు: ఇక్కడ మొదలుపెట్టి ప్రతి ప్యానెల్ తుక్కు మీద సరిచూసుకోండి. తెల్లరంగు, ఎరుపు, ముదురునీలం ఒక్కోటి ఒక్కోలా కాలతాయి. పొగ లాగే ఫిల్టర్ యంత్రం లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. కిటికీ తెరిచి ఫ్యాన్ పెడితే సరిపోయే పొగ కాదు.

తెలుగు చెక్కితే రెండు చిక్కులు. లేజర్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా టైపు చేస్తే ఒత్తులు విడిపోతాయి, "శ్రీకాకుళం" కాస్తా శ, ర, గుడిదీర్ఘం వేరువేరుగా వస్తుంది. కోరల్‌డ్రాలో పేర్చి, కర్వ్‌లుగా మార్చి, ఆ బొమ్మని లేజర్‌లోకి తెచ్చుకోవాలి. రెండోది సైజు. ఇంగ్లిషు అక్షరం 1.5 మి.మీ. ఎత్తున చదవొచ్చు. తెలుగుకి అంత ఎత్తులో తలకట్టూ గుడీ కలిసిపోయి ముద్దవుతాయి, "విమానం"లో సున్నా చుక్కైపోతుంది. అక్షరం ఒళ్లు 3 మి.మీ., ఒత్తుకి కింద ఇంకో 2 మి.మీ. జాగా వదలండి.

బిళ్లల వరుస నంబరు చెక్కడం అన్నిటికన్నా చివర, బిళ్ల తనిఖీ దాటాకే. ముందే చెక్కేసి 0417 పాడైతే రెండో 0417 చేయాలనిపిస్తుంది. ఒక్కసారి అలా చేస్తే ఖాతా పుస్తకానికి విలువ పోయినట్టే.

పూత

లోపలి ప్రైమర్ పిల్లల చేతికి తగలకుండా, కోసిన అంచుకి ఉప్పుగాలి తగలకుండా రెండు వైపులా, అంచులకీ రెండు భాగాల పీయూ క్లియర్ (పాలీయురెథేన్ పారదర్శక పూత) పూయాలి. రెండు పల్చటి కోట్లు, మధ్య 15–20 నిమిషాలు. దీని గట్టిపరిచే ద్రవంలో ఐసోసైనేట్ ఉంటుంది, కార్లకి రంగు కొట్టేచోట వాడే మాస్కూ గదీ కావాలి. గాలిలో తేమ 80 శాతం దాటితే కొట్టొద్దు; క్లియర్ పాలలా తెల్లబారుతుంది. జూన్ నుంచి అక్టోబర్ దాకా, ఆపైన తుఫాను రోజుల్లో తేమమీటర్ చూసే మొదలుపెట్టాలి. చలికాలంలోనూ మంచు విడిచాక, పదకొండుకీ మూడుకీ మధ్య మంచి సమయం. బెజ్జంలో తీగ దూర్చి వేలాడదీస్తే తీగ ఆనిన చోట పూత పట్టదు, ఆ చుక్క కుంచెతో విడిగా దిద్దండి.

రింగు, సంచి, పెట్టె

బుడితి ఇత్తడి రింగు చూడ్డానికి బావుంటుంది, కానీ ఇత్తడి, అల్యూమినియం చెమటలో కలిసి తడిస్తే అల్యూమినియం తినుకుపోతుంది. ఇత్తడే కావాలంటే మధ్యలో తోలు పట్టీ వేసి రెండూ తగలకుండా చేయండి. లేదంటే 25 మి.మీ. స్టెయిన్‌లెస్ రింగు, బెజ్జానికి నైలాన్ వాషరు.

సంచికి పొందూరు ఖద్దరు, పెట్టెకి బొబ్బిలి వీణలు చేసే పనస కర్ర ముక్కలు. జోడీ బావుంటుంది, ఒక చిక్కు తప్ప: పనస చేవలో పసుపురంగు ఉంది, చెమ్మ తగిలితే తెల్ల ఖద్దరుకి అంటుతుంది. పెట్టె లోపల లక్క పాలిష్ రెండు పూతలు వేసి పూర్తిగా ఆరాకే సంచి పెట్టండి. వానాకాలంలో పార్శిల్ పంపితే బిళ్లకి జిప్ కవరు, సిలికా జెల్ పొట్లం.

మిగిలిన రేకు

అన్నీ సవ్యంగా కుదిరినా ప్యానెల్ విస్తీర్ణంలో బిళ్లలయ్యేది 57 శాతం. గీతలు, సొట్టలు పోను ఇంకా తగ్గుతుంది. జల్లెడలా మిగిలిన రేకులో రంగు బావున్న ముక్కలుంటాయి. వాటిని అలాగే తుక్కుకి వేస్తే ఎవరో మీ విమానం పేరుతో దొంగ బిళ్లలు కోసుకుంటారు. అరచేతికన్నా చిన్న ముక్కలుగా కత్తిరించి ఇవ్వండి. ఇచ్చేది కూడా అందరికీ కాదు. అల్యూమినియం తుక్కు కరిగించి గిన్నెలు పోసేవాళ్లకి ఇది పోకూడదు: రాగి, క్రోమేట్ రంగు ఉన్న ఈ సరుకు వంటగదికి పనికిరాదు. బిల్లు మీద "2024 రకం, క్రోమేట్ ప్రైమర్ ఉంది" అని రాసి, మిశ్రలోహాలు విడదీసి తీసుకునే రీసైక్లర్‌కే అమ్మండి.